ఓటు వేస్తే సరిపోతుందా?

ప్రభుత్వం అంటే ఎవరు? మంత్రులా? కలెక్టరా? తహసీల్దారా? వాళ్ళంతా పని చేసేవాళ్ళు. పని అప్పగించింది ఓటు వేసిన జనం. డబ్బూ జనానిదే. సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా అందులో పన్ను ఉంటుంది.

ఇల్లు కట్టమని మేస్త్రీకి డబ్బిచ్చిన ఇల్లాలు ఊరికే కూర్చుంటుందా? రోజూ వెళ్ళి గోడ చూస్తుంది. సిమెంటు ఎంత కలిపావని అడుగుతుంది. ప్రభుత్వం సంగతీ అంతే. ఓటు వేసి ఊరుకుంటే చాలదు. చూడాలి. అడగాలి.

అడిగితే ఏమవుతుంది? నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు చేసి చూపించారు.

ఆ రోజుల్లో సారా అమ్మే హక్కును ప్రభుత్వమే వేలం పాట పెట్టేది. పాట పాడుకున్న కాంట్రాక్టరు ఊరూరా దుకాణం తెరిచేవాడు. ఖజానాకు డబ్బు వచ్చేది. కూలి డబ్బులు మాత్రం దుకాణానికి పోయేవి. ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. పైగా తిట్లు, తన్నులు.

అప్పుడే ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం సాగింది. ఆడవాళ్ళు రాత్రి బడుల్లో చదువు నేర్చుకున్నారు. సారా గురించిన పాఠం చదివారు. ఇంటింటా ఇదే బాధ అని తెలిసింది. దూబగుంట ఆడవాళ్ళు ఒక్కటై తమ ఊరి దుకాణం మూయించారు. సంగతి ఊరూరా పాకింది. ఒక ఊళ్ళో మూస్తే పక్క ఊళ్ళో దొరుకుతుంది. అందుకే అసలు సారా పాటలే వద్దన్నారు. పాటలను అడ్డుకున్నారు. అవి మాటిమాటికీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో సారా నిషేధం వచ్చింది. అదే ఏడు అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా వచ్చింది. 1995లో మిగతా మద్యాన్నీ నిషేధించారు.

కథ అక్కడితో అయిపోలేదు. 1997లో ఆ మద్య నిషేధాన్ని సడలించారు. సారా రాలేదు గానీ, బ్రాందీ, విస్కీ దుకాణాలు మళ్ళీ తెరిచారు. ఇల్లు ఒకసారి ఊడ్చి వదిలేస్తే మళ్ళీ దుమ్ము పడుతుంది. ఇదీ అలాంటి పనే.

మరి మామూలు రోజుల్లో అడగడానికి చోటేది? గ్రామసభ ఉంది. ఊళ్ళో ఓటున్న ప్రతి మనిషీ అందులో సభ్యులే. పంచాయతీకి ఎంత డబ్బు వచ్చింది? దేనికి ఖర్చు పెట్టారు? బోరు ఎందుకు బాగు చేయలేదు? అక్కడ అడగవచ్చు.

నోటితో అడిగితే చెప్పకపోతే కాగితం మీద అడగవచ్చు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. దాని ప్రకారం అర్జీ పెడితే మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సంతకం నేర్చిన చెయ్యి ఇప్పుడు అర్జీ కూడా రాయగలదు.

ఒక్కరు అడిగితే పొమ్మంటారు. పదిమంది కలిసి అడిగితే వింటారు.

చర్చించండి: మీ ఊళ్ళో గ్రామసభ ఎప్పుడు జరిగింది? ఆడవాళ్ళు ఎంతమంది వెళ్ళారు? ఈసారి ఏం అడగాలి?