నిశ్శబ్దమైతే.. రైలు ఆగాల్సిందే!

అనలాగ్‌ రేడియో నుంచి డిజిటల్‌కు మారడంలో రైల్వేలకు ఎదురయ్యే చిక్కులు.. ఈసీఈ విద్యార్థులకు చక్కటి పాఠాలు

అమెరికాలో ఓ గూడ్స్‌ యార్డు. ఇంజిన్‌ వెనక నుంచి వ్యాగన్లను నెడుతోంది. ముందు ఏముందో లోకోపైలట్‌కు కనిపించదు. ఆ చివర ఉన్న కండక్టర్‌ రేడియోలో చెబుతుంటాడు.. ‘ఇంకా పది వ్యాగన్ల దూరం.. అయిదు.. మూడు..’ ఆ గొంతే లోకోపైలట్‌కు కళ్లు. మధ్యలో అది ఆగిపోతే?

అక్కడి ఫెడరల్‌ నిబంధనలు దీనికి జవాబు చెప్పాయి. చెప్పిన దూరంలో సగం వెళ్లేలోపు మరో సూచన రాకపోతే బండి ఆపేయాలి. పూర్తిగా అర్థంకాని సందేశాన్ని అసలు రానట్టే లెక్కకట్టాలి. నిశ్శబ్దానికి ఇలా మందు ఉంది. మరి తప్పుగా వినిపించి, సరిగానే విన్నామనిపించే మాటకో? అసలు ప్రమాదం అక్కడే!

ఎందుకు మారాలి?

అమెరికా రైల్వేల మాటలన్నీ 160 మెగాహెర్ట్జ్‌ పరిసరాల్లో నడుస్తాయి. స్పెక్ట్రమ్‌ ఇరుకైపోవడంతో, 2013 జనవరి 1 నాటికి ఛానల్‌ వెడల్పును 25 నుంచి 12.5 కిలోహెర్ట్జ్‌కు తగ్గించాలని ఎఫ్‌సీసీ గడువు పెట్టింది. అనలాగ్‌తోనూ ఆ గడువును దాటొచ్చు. కానీ ఇంకా సన్నగా, 6.25 కిలోహెర్ట్జ్‌లో పనిచేసే ఎన్‌ఎక్స్‌డీఎన్‌ అనే డిజిటల్‌ పద్ధతిని రైల్వే పరిశ్రమ భవిష్యత్తుకు ఎంచుకుంది.

చిక్కులు ఎక్కడ?

ఒక్కసారిగా తెగిపోవడం: అనలాగ్‌లో సిగ్నల్‌ బలహీనపడుతుంటే గరగర పెరుగుతుంది. ‘లైన్‌ పోతోంది, జాగ్రత్త’ అని చెవికి ముందే తెలుస్తుంది. డిజిటల్‌లో ఎర్రర్‌ కరెక్షన్‌ పుణ్యమా అని చివరిదాకా మాట స్పష్టంగానే వస్తుంది. హద్దు దాటిందో.. ముక్కలైపోతుంది, లేదా ఏమీ వినిపించదు. ముందస్తు హెచ్చరిక ఉండదు.

చుట్టూ ఉన్న రొద: డిజిటల్‌ రేడియోలోని వోకోడర్‌ మనిషి గొంతును లెక్కలుగా మార్చి పంపుతుంది. పక్కనే ఇంజిన్‌, హారన్‌ మోగుతుంటే దానికి గొంతేదో, రొదేదో సరిగా అంతుపట్టదు. అగ్నిమాపక సిబ్బందికీ ఇదే ఇబ్బంది రావడంతో అంతర్జాతీయ ఫైర్‌ చీఫ్‌ల సంఘం 2008లో దీన్ని ప్రత్యేకంగా పరిశీలించింది. ‘ఫిఫ్టీన్‌’ కాస్తా ‘ఫిఫ్టీ’గా వినిపిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

సగం పాత, సగం కొత్త: అమెరికాలో ఒక కంపెనీ రైలు మరో కంపెనీ పట్టాల మీదా నడుస్తుంది. పాత అనలాగ్‌ సెట్‌లో డిజిటల్‌ సందేశం వట్టి బుర్రుమనే శబ్దమే. ప్రమాదం ఎదురైతే ‘ఎమర్జెన్సీ’ అని మూడుసార్లు పలకాలన్నది నియమం. పక్క పట్టాల మీది బండికి ఆ మాట అర్థమే కాకపోతే లాభమేంటి? అందుకే రెండు పద్ధతుల్లోనూ పనిచేసే సెట్లు ముందు అందరికీ చేరాలి.

అలాగని అనలాగే మేలనుకోవద్దు. 2023 ఆగస్టులో పోలండ్‌లో ఆగంతకులు అనలాగ్‌ రేడియోలో ‘ఆపు’ సంకేతపు స్వరాలను ప్రసారం చేసి, 20కి పైగా రైళ్లను నిలిపేశారు. ఆ సంకేతం ఎవరు పంపారో నిర్ధారించుకునే ఏర్పాటే అందులో లేదు.

మనకేంటి?

మన రైల్వేలకు 2021 జూన్‌లో 700 మెగాహెర్ట్జ్‌ బ్యాండ్‌లో 5 మెగాహెర్ట్జ్‌ స్పెక్ట్రమ్‌ కేటాయించారు. ఎల్‌టీఈ ఆధారిత రేడియో వ్యవస్థ దీని లక్ష్యం. దక్షిణ మధ్య రైల్వేలో పరీక్షించి, అమర్చిన కవచ్‌ కూడా రేడియో మీద ఆధారపడిందే. ఈ సిబ్బందికి శిక్షణనిచ్చే ఇరిసెట్‌ మన సికింద్రాబాద్‌లోనే ఉంది.

ఆర్‌ఆర్‌బీ నియామకాల్లో జేఈ, టెక్నీషియన్‌ గ్రేడ్‌-1 సిగ్నల్‌ లాంటి పోస్టులకు ప్రయత్నించేవారు నోటిఫికేషన్‌లో అర్హతలు చూసుకోండి. ఎఫ్‌ఎం, ఎఫ్‌ఎస్‌కే, ఎర్రర్‌ కరెక్షన్‌, స్పీచ్‌ కోడింగ్‌లను మార్కుల కోసం బట్టీపట్టి వదిలేయకండి. ఏ టెక్నాలజీ గురించి చదివినా, ‘ఇది పనిచేయకపోతే అవతలివాడికి ఎలా తెలుస్తుంది?’ అని ఒక్కసారి ప్రశ్నించుకోండి. రైల్వేలో ఇంజినీర్‌ పని మొదలయ్యేది అక్కడి నుంచే.