రొయ్యకు రంగెక్కడిది?

నల్లచారల టైగరు రొయ్య పొయ్యిమీది కుండలో పడగానే ఎర్రబారుట మనమందరము చూచినదే. ఆ యెరుపును నిప్పు తెచ్చిపెట్టలేదు. అది రొయ్యలో ముందే యున్నది. ఆస్టాజాంతిన్ అను ఆ వర్ణద్రవ్యము, రొయ్య బ్రదికియుండగా, పెంకులోని మాంసకృత్తు నంటిపెట్టుకొని నీలిఛాయ దాల్చును. వేడికి మాంసకృత్తు చెడగానే తన యసలు రంగును బయటపెట్టును.

విచిత్రమేమనగా, ఈ ద్రవ్యమునకు మూలమైన సరకును రొయ్య స్వయముగా సృష్టింపజాలదు. నాచునుండియు, నాచును తినిన సూక్ష్మజీవులనుండియు సంపాదించుకొనవలసినదే. సముద్రమున దానికి కొదువ లేదు. కాని క్రిక్కిరిసిన చెరువులో రైతు చల్లిన మేతయే గతి. అందు వర్ణద్రవ్యము కొరవడినచో రొయ్యలు నీలివర్ణమునకు తిరుగును. వండినను పాలిపోయియే యుండును. కొనువాడు మొగము త్రిప్పుకొనును. 1993లో ప్రకటితమైన థాయిలాండు పరిశోధనలో, అట్టి నీలిరొయ్యలకు కిలో మేతకు 50 మిల్లీగ్రాముల చొప్పున ఆస్టాజాంతిన్ కలిపి పెట్టగా, సుమారు నెలనాళ్లలో సహజఛాయ మరల వచ్చినది.

రంగు సంగతి వర్తకునిది. పిల్లకు కావలసినది ప్రాణము. ఈ ద్రవ్యము దేహకణములను ప్రాణవాయుజనితమైన హానినుండి కాపాడును. దీనిని తినిన రొయ్యపిల్లలు, నీటి ఉప్పదనము హఠాత్తుగా మారినపుడు, తక్కినవానికన్న హెచ్చుగా బ్రదికినట్లు పరీక్షలలో తేలినది. ఒక్క కుంభవృష్టికే ఉప్పు విరిగిపోవు మన కోస్తా చెరువులలో రైతు భయపడునది ఆ గడియకే.