లోతు ఎంత దూరంలో ఉంది?

భోపాల్‌పట్నం చుట్టుపక్కల గాలం పట్టడం రానివాళ్లు అరుదు. భద్రకాళి దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలిసేచోట వాలుగలకూ జెల్లలకూ కాపు కాసినవాళ్లకు, ఒక్కసారైనా ఒడ్డు కనబడనంత దూరం సముద్రంలోకి వెళ్లి వేటాడి రావాలని ఉంటుంది. నలుగురు కలిసి తలా కొంత వేసుకుని, జీపు మాట్లాడుకునేదాకా వచ్చాక అసలు చర్చ మొదలవుతుంది. ఏ తీరానికి పోదాం? ఒకరు వైజాగ్ అంటారు, ఒకరు గోవా అంటారు, చేతిలో డబ్బు ఆడేవాళ్లు అండమాన్ అంటారు. అన్నీ బీచ్‌ల పేర్లే. బీచ్ అందంగా ఉండటానికీ గాలానికి పెద్ద చేప తగలడానికీ ఏ సంబంధమూ లేదు. తేల్చుకోవాల్సిన మొదటి సంగతి, ఆ రేవు నుంచి లోతు నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయన్నది.

సముద్రం ఒడ్డు దగ్గరే అగాధంగా ఉండదు. తీరం నుంచి కొంతదూరం అడుగుభాగం ఏటవాలుగా, నెమ్మదిగా దిగుతుంది. దీన్ని ఖండతీరపు అంచు అంటారు. దాదాపు 200 మీటర్ల లోతు వచ్చాక ఆ అంచు తెగి, అడుగు ఒక్కసారిగా వేల మీటర్లకు జారిపోతుంది. సూర చేపలు, కొమ్ము కోనేలు ఎక్కువగా తిరిగేది ఆ తెగిన అంచు మీద, దాని అవతల. కింది నుంచి చల్లటి నీరు పైకి తోసుకొచ్చేచోట పోషకాలు ఎక్కువ, నాచు ఎక్కువ, దాన్ని తినే చిన్న చేప ఎక్కువ, దాని వెనక పెద్ద చేప.

ఈ అంచు అన్ని తీరాల్లో ఒకేలా ఉండదు. ముంబై దగ్గర దాదాపు 300 కిలోమీటర్ల దాకా సాగుతుంది. దక్షిణానికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది. మన తూర్పు తీరంలో చాలాచోట్ల 30 నుంచి 60 కిలోమీటర్లలోపే అయిపోతుంది. లక్షద్వీప్, అండమాన్ దీవుల్లోనైతే దిబ్బ దాటగానే అగాధం. సామాన్యుడి భాషలో లెక్క చూద్దాం. మామూలు వేట బోటు గంటకు 14 కిలోమీటర్లు నడుస్తుందనుకోండి. 45 కిలోమీటర్ల దూరంలో అంచు ఉంటే పోవడానికి మూడు గంటలు పైనే, రావడానికి అంతే. పొద్దున నాలుగింటికి బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. అదే 150 కిలోమీటర్లయితే ఒకరోజు వేట అన్న మాటే లేదు, రాత్రిళ్లు సముద్రంలోనే. కాబట్టి గోవా ప్యాకేజీల్లో సముద్రపు వేట అని రాసి ఉన్నంత మాత్రాన అది లోతు వేట అనుకోవద్దు. రెండు మూడు గంటల టిక్కెట్టుకు ఒడ్డు పక్కన చిన్న చేప పట్టి వస్తారు. సరదా సరదానే, కాదనను.

మనకు దగ్గరి దారి గోదావరి వెంట పోయేదే. తార్లగూడ మీదుగా తెలంగాణలోకి దిగి వాజేడు, వెంకటాపురం, చర్ల, భద్రాచలం, అక్కడి నుంచి చింతూరు, మారేడుమిల్లి ఘాటు దిగితే రాజమండ్రి, కాకినాడ. మనూరి పక్క నుంచి పారిన నీళ్లే అక్కడ సముద్రంలో కలుస్తాయి. ఆ నీళ్లే అక్కడి వేటను నిర్ణయిస్తాయి కూడా. వరద కాలంలో గోదావరి మోసుకెళ్లే ఒండ్రుతో కాకినాడ ఎదుటి సముద్రం ఎర్రగా, మసకగా మారుతుంది. కంటితో చూసి ఎరను తరిమే చేపకు ఆ నీళ్లలో ఏమీ కనబడదు. అందుకే కాకినాడను జూలై నుంచి అక్టోబరు దాకా వదిలేసి, నీళ్లు తేటపడ్డాక జనవరి, మార్చి మధ్య చూసుకోవడం మేలు.

కాకినాడకు రెండు ముఖాలు. హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక దిబ్బ అడ్డుగా ఉండటంతో లోపలి అఖాతం నెమ్మదిగా ఉంటుంది, లోతు తక్కువ. సముద్రం మీద కడుపు తిప్పుతుందేమో తెలియని కొత్తవాళ్లు అలవాటు పడటానికి మంచి చోటు. అయితే ఆ దిబ్బ, దాన్ని ఆనుకున్న మడ అడవులు కోరింగ అభయారణ్యంలోవి, అక్కడ గాలం తీయకూడదు. ఇంకో ముఖం బయటి సముద్రం. ఆవైపు లోతు ఎంత త్వరగా వస్తుందంటే, యాభై అరవై కిలోమీటర్ల దూరంలోని గ్యాస్ బావులు వేయి మీటర్ల పైచిలుకు లోతు నీళ్లలో ఉన్నాయి. రిగ్గుల నీడన చేపలు చేరతాయని ఆశపడి దగ్గరకు పోనివ్వమని సరంగును బతిమాలకండి. వాటి చుట్టూ 500 మీటర్లు నిషేధిత ప్రాంతం. పట్టుబడితే బోటు నడిపినతని మీద కేసు, మనకు ఊళ్లో చెప్పుకోవడానికి కథ.

విశాఖకు రెండో దారి ఉంది. బీజాపూర్ మీదుగా గీదం చేరి కిరండూల్ – విశాఖ రైలు ఎక్కితే జగదల్‌పూర్, అరకు దాటి తీసుకుపోతుంది. బైలడీల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన లైను అది. నా ఉద్దేశంలో, మొదటిసారి నిజమైన లోతు వేట చూడదలచిన బస్తర్ తెలుగువాడికి విశాఖ తీరమే సరైనది. వైజాగ్ ఫిషింగ్ హార్బర్ పెద్దది, మర పడవలు వందల్లో ఉంటాయి. 2023 నవంబరు 19 రాత్రి అక్కడ మంటలు లేచి 40 దాకా బోట్లు కాలిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. దానికి దక్షిణంగా, అనకాపల్లి జిల్లాలో పూడిమడక ఉంది. సూర చేపను వలతో కాక చేతి గాలంతో పట్టడంలో ఆ ఊరివాళ్లది అందెవేసిన చెయ్యి.

ఆ చేతి గాలం ఆట కాదని 2025 జూలైలో జరిగింది చెబుతుంది. పూడిమడక నుంచి వేటకు పోయిన మత్స్యకారుడి గాలానికి కొమ్ము కోనెం తగిలింది. వంద కిలోలు దాటే చేప, ముక్కు ఈటెలా ఉంటుంది. తాడు లాగుతుండగా అది ఆయన్ను నీళ్లలోకి ఈడ్చుకుపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పనే చేసిన మనిషి. రాడ్డూ రీలూ కొనుక్కుని పోయే మనం నేర్చుకోవాల్సింది ఇంతే: తాడును చేతికి చుట్టుకోకూడదు, కాలికింద చుట్టలు పడనివ్వకూడదు, తెంచడానికి కత్తి ఎప్పుడూ అందేచోట ఉండాలి. చేప పోతే పోయింది.

నెలల సంగతికి వస్తే, తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా. బడి సెలవులకు పిల్లలతో పోదామనుకునేవాళ్లు సరిగ్గా నిషేధంలో దిగుతారు, ఇది మాత్రం జాగ్రత్త. జూన్ తర్వాత రుతుపవనాలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. 1996 నవంబరు 6న కాకినాడ ప్రాంతం మీద, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ పేరుతో విశాఖ మీద విరుచుకుపడినవి ఈ కాలంలోవే. తీసివేతలన్నీ పోగా మిగిలేది డిసెంబరు చివర నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా. అందులో ఫిబ్రవరి నా ఎంపిక.

రేవు తేలాక, నెల తేలాక, ఆ రోజు చేప ఎటు ఉందన్నది మిగులుతుంది. దానికి జవాబు మన రోడ్డు చివర్నే ఉంది. భోపాల్‌పట్నం నుంచి పోయే 163వ జాతీయ రహదారి హైదరాబాదు చేరుతుంది, అక్కడే ఇన్‌కాయిస్ ఉంది. 1999లో పెట్టిన ఈ సంస్థ ఉపగ్రహాల ద్వారా సముద్రపు పైనీటి వేడినీ, రంగునూ కొలుస్తుంది. వేడి నీళ్లూ చల్ల నీళ్లూ ఆనుకునేచోట, నాచు వల్ల నీరు పచ్చబడేచోట చేప చేరుతుందని లెక్కగట్టి, ఒక్కో రేవు పేరు మీద సూచన ఇస్తుంది. ఏ దిక్కు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు అన్నది అందులో ఉంటుంది. తెలుగులోనూ వస్తుంది, రుసుము లేదు. నిషేధం రోజుల్లో, సముద్రం బాగా లేని రోజుల్లో రాదు. రాకపోవడం కూడా ఒక సూచనే అనుకోవాలి. ఇంకో తమాషా చెప్పనా? సముద్రపు లోతులు కొలిచి పటాలు అచ్చు వేసే ప్రభుత్వ కార్యాలయం డెహ్రాడూన్‌లో, కొండల్లో ఉంది. సముద్రం లేని ఊరివాళ్లమని మనం చిన్నబోవాల్సిన పనేమీ లేదు.

అండమాన్ గురించి చెప్పకపోతే అన్యాయం. గాలంతో వేటాడి, చేపను ఫోటో తీసుకుని తిరిగి వదిలేసే క్రీడ మన దేశంలో బాగా కుదురుకున్నది అక్కడే. గైడ్లు, సరైన పడవలు, సామాను అన్నీ అద్దెకు దొరుకుతాయి. అక్కడి పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురం అని మార్చారు. విశాఖ నుంచి ఆ ఊరికి అప్పుడప్పుడూ ప్రయాణికుల ఓడ ఉంటుంది, రెండు మూడు రోజుల ప్రయాణం. వండూరు దగ్గరి మెరైన్ నేషనల్ పార్కులో వేట కుదరదు. లక్షద్వీప్‌కైతే భారతీయులకూ ముందుగా అనుమతి పత్రం కావాలి. ఖర్చు చూస్తే ఇవి రెండూ రెండో ప్రయాణానికి పెట్టుకోదగ్గవి.

పడవ దగ్గర మొహమాటం వద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగి పదుల మంది పోయారు. అది నది, రెండు ఒడ్లూ కనబడేచోట. వేట బోటుకిచ్చే లైసెన్సు వేటకే, ప్రయాణికులను ఎక్కించుకోవడానికి కాదు. అందుకని హార్బర్‌లో సరంగుతో వెయ్యి తక్కువకు బేరం కుదిరిందని సంబరపడే బదులు, జనాన్ని తీసుకుపోవడానికి అనుమతి ఉన్న పడవనే అడగండి. పక్కన రాసిన రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. తలా ఒక లైఫ్ జాకెట్ ఉందా, వీహెచ్ఎఫ్ రేడియో పనిచేస్తోందా, రెండో ఇంజిన్ ఉందా? ఒడ్డు దాటి కొంతదూరం పోతే సెల్‌ఫోన్ మూగబోతుంది. సిగ్నల్ ఉన్నంతవరకూ కోస్ట్ గార్డ్ నంబరు 1554 పనికొస్తుంది. ఆధార్ కార్డు తడవకుండా కవర్లో పెట్టుకోండి, సముద్రంలో తనిఖీ ఉంటుంది. కడుపు తిప్పడానికి డాక్టరు చెప్పిన మాత్ర బోటెక్కాక వేసుకుంటే లాభం లేదు, ముందే వేసుకోవాలి.

కొన్ని చేపలు గాలానికి తగిలినా ఉంచుకోకూడదు. తిమింగల సొరకు 2001 నుంచి పులితో సమానమైన రక్షణ ఉంది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి కొట్టుకొచ్చిన ఒకదాన్ని అటవీశాఖవాళ్లూ మత్స్యకారులూ కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. ఇతర సొరల్లో, టేకుల్లో కూడా రక్షిత జాతులు పెరిగాయి. ఏది ఏమిటో తెలియనప్పుడు పడవ పక్కనే గాలం తెంచి వదిలేయడం నయం.

చివరగా బయానా మాట. డబ్బు ఇచ్చేముందు ఒక్కటి తేల్చుకోండి: గాలి లేచి సరంగు వెనక్కు తిప్పితే, లేదా అసలు బయల్దేరనంటే, ఆ డబ్బు ఎవరిది? ఈ మాట ముందు అనుకోకపోతే ఇంత దూరం వచ్చామన్న మన పట్టుదల, వచ్చిన బేరం పోతుందన్న అతని భయం కలిసి ఆ పడవను బయటికి తోస్తాయి. సగం వాపసు అని కాగితం మీద రాయించుకుంటే, వెళ్లాలా వద్దా అన్నది సముద్రం తెలిసిన మనిషి చేతుల్లోనే ఉంటుంది.