విండోస్ వచ్చింది... వైఫై పోయింది!

కొత్తగా ఆపరేటింగ్ సిస్టం వేసిన ల్యాప్‌టాప్‌లో నెట్ గుర్తు మాయం
కార్డు కాలిపోయిందని కంగారు వద్దు.. లోపం చాలావరకు డ్రైవర్‌దే
నెల్లూరు బస్సెక్కే ముందు ఫోన్ కేబుల్‌తో చేసుకోదగిన పని

ఉదయగిరి, ఆత్మకూరు: ల్యాప్‌టాప్ నెమ్మదించిందనో, వైరస్ పట్టిందనో విండోస్ మళ్లీ వేయిస్తారు. తెర తళతళలాడుతూ తెరుచుకుంటుంది. కుడివైపు కింది మూలన ఉండవలసిన వైఫై గుర్తు స్థానంలో మాత్రం అడ్డగీతతో భూగోళం బొమ్మ వెక్కిరిస్తుంటుంది. సెట్టింగులలోకి వెళితే వైఫై అన్న మాటే కనిపించదు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్ల గడువు ముంచుకొచ్చిన విద్యార్థికైనా, ఇంటి నుంచే కంపెనీ పని చేసుకుంటున్న ఉద్యోగికైనా అది గుండె గుభేలుమనే క్షణం. ఆత్మకూరు నుంచి నెల్లూరు యాభై కిలోమీటర్లకు పైన; ఉదయగిరి నుంచైతే దాదాపు వంద. రానూపోనూ ఒక రోజు, చార్జీలు, ఆపై ‘కార్డు పోయింది, మార్చాలి’ అన్న మాట. నిజానికి ఇలాంటి సందర్భాల్లో ఎక్కువసార్లు కార్డుకు ఏమీ కాదు. దానితో మాట్లాడే భాష మాత్రమే విండోస్‌కు తెలియదు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తరువాత పాత యంత్రాలకు విండోస్ 11 వేయించుకునేవారు, ఉబుంటు వంటి లినక్స్‌కు మళ్లేవారు పెరిగారు. దానితో ఈ సమస్య మరింతమంది ముంగిటికి వచ్చింది.

ఎందుకిలా జరుగుతుంది?

ల్యాప్‌టాప్‌లోని ప్రతి భాగాన్నీ నడిపించడానికి ఆపరేటింగ్ సిస్టంకు ఒక చిన్న ప్రోగ్రాం కావాలి. దానినే డ్రైవర్ అంటారు. విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్‌లో వేలాది పరికరాల డ్రైవర్లు ముందే ఉంటాయి. అయితే ఆ విండోస్ ప్రతి తయారైన నాటికి ఉన్న పరికరాలవే అందులో ఉంటాయి తప్ప, ఆ తరువాత మార్కెట్‌లోకి వచ్చిన వాటివి ఉండవు. విండోస్ 10 చివరి సంచిక 22హెచ్2 వెలువడింది 2022 అక్టోబరులో. ఆ తరువాత తయారైన వైఫై కార్డు గురించి దానికి తెలియకపోవడంలో వింతేమీ లేదు. దుకాణంలో ఏళ్ల తరబడి వాడుతున్న పాత పెన్‌డ్రైవ్‌తో వేస్తే కథ ఇంకా వెనక్కి పోతుంది.

కొన్నప్పుడు ల్యాప్‌టాప్‌లో అన్నీ పనిచేశాయంటే, తయారీ సంస్థ ఆ డ్రైవర్లన్నింటినీ ఫ్యాక్టరీలోనే వేసి పంపింది కనుక. డిస్కును పూర్తిగా ఫార్మాట్ చేసినప్పుడు అవీ తుడిచిపెట్టుకుపోతాయి. ఒకప్పుడు ల్యాప్‌టాప్‌తోపాటు డ్రైవర్ల సీడీ ఒకటి అట్టపెట్టెలో వచ్చేది. ఇప్పుడు సీడీ లేదు, పెట్టేందుకు డ్రైవూ లేదు. డ్రైవర్లు నెట్‌లో దొరుకుతాయి. నెట్ కావాలంటే డ్రైవర్ ఉండాలి. చిక్కు ముడి అక్కడే పడుతోంది.

ముందుగా చూడవలసిన చోటు

స్టార్ట్ గుర్తుపై మౌస్ కుడి బటన్ నొక్కితే వచ్చే జాబితాలో ‘డివైస్ మేనేజర్’ ఉంటుంది. యంత్రంలోని భాగాలన్నింటి హాజరుపట్టీ అది. అందులో ‘నెట్‌వర్క్ అడాప్టర్స్’ అన్న శీర్షికను, ‘అదర్ డివైసెస్’ అన్న శీర్షికను పరిశీలించాలి.

అదర్ డివైసెస్ కింద ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అని పసుపుపచ్చ త్రికోణంతో కనిపిస్తే సంతోషించవలసిందే. కార్డు బతికే ఉంది, విండోస్‌కు అది ఉన్నట్లు తెలుసు, డ్రైవర్ లేదంతే. దానిపై రెండుసార్లు నొక్కితే కోడ్ 28 అని చూపుతుంది. ‘ఈథర్‌నెట్ కంట్రోలర్’ అని కూడా ఉంటే, తీగతో నెట్ పెట్టుకునే లాన్ పోర్టుకు సైతం డ్రైవర్ లేదని అర్థం.

నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద కార్డు పేరు సక్రమంగా ఉండి, కోడ్ 22 అని చూపితే ఎవరో దానిని నిలిపివేశారు. కుడి బటన్‌తో ‘ఎనేబుల్’ చేస్తే సరిపోతుంది. కోడ్ 10 అయితే డ్రైవర్ ఉన్నా కార్డు మొదలుకావడం లేదు. తప్పు డ్రైవర్ పడి ఉండవచ్చు, కార్డు మొండికేసి ఉండవచ్చు. అసలు రెండు శీర్షికల కిందా ఏమీ లేకపోవడం మూడో పరిస్థితి. దాని సంగతి తరువాత.

ఈ దశలో చాలామంది ‘నెట్‌వర్క్ రీసెట్’ నొక్కుతారు. డ్రైవరే లేనప్పుడు రీసెట్ చేయడానికి అక్కడ ఏమీ ఉండదు. విండోస్‌ను రెండోసారి, మూడోసారి అదే పెన్‌డ్రైవ్‌తో వేయడమూ వృథా ప్రయాసే.

ఫోన్ కేబుల్‌తో నెట్

ముడి విప్పే ఉపాయం దాదాపు ప్రతి ఇంటిలోనూ ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగులలో ‘హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్’లోకి వెళ్లి ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయాలి. ఫోన్‌ను విండోస్ ఒక నెట్‌వర్క్ కార్డుగా గుర్తిస్తుంది. ఇందుకు కావలసిన డ్రైవర్ విండోస్‌లో ముందే ఉంటుంది. మామూలు వైఫై హాట్‌స్పాట్ ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే దానిని అందుకోవలసింది పనిచేయని ఆ వైఫై కార్డే. ఐఫోన్‌కైతే యాపిల్ డ్రైవర్ విడిగా కావలసి వస్తుంది కనుక, ఇంట్లో ఎవరి దగ్గరైనా ఆండ్రాయిడ్ ఉంటే అడిగి తీసుకోవడం సులువు.

కేబుల్ పెట్టినా టెథరింగ్ మీట మసకగానే ఉందంటే దోషం కేబుల్‌దే కావచ్చు. చౌక చార్జింగ్ కేబుళ్లు కొన్నింటిలో కరెంటు తీగలే తప్ప సమాచారం మోసే తీగలు ఉండవు. ఫోన్‌తోపాటు వచ్చిన అసలు కేబుల్‌తో మరోసారి ప్రయత్నించాలి.

జాగ్రత్త పడవలసిన విషయం మరొకటి ఉంది. నెట్ అందిన మరుక్షణం విండోస్ తన అప్‌డేట్లను దించుకోవడం మొదలుపెడుతుంది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్యాకేజీ అయితే డ్రైవర్ దిగే లోపే డేటా ఆవిరైపోతుంది. కనెక్షన్ కలవగానే సెట్టింగులలో దానిని ‘మీటర్డ్ కనెక్షన్’గా గుర్తించాలి. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంటే ఆ బెంగ లేదు. ఫోన్‌ను ఇంటి వైఫైకి కలిపి టెథరింగ్ చేస్తే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు మొబైల్ డేటాను ముట్టుకోకుండా ఆ వైఫైనే ల్యాప్‌టాప్‌కు అందిస్తాయి. కొండ చాటున సిగ్నల్ సరిగా అందని చోట కూడా పని ఆగదు. విండోస్ ప్రతి కొన్ని జీబీల బరువుంటే, వైఫై డ్రైవర్ సాధారణంగా కొన్ని పదుల ఎంబీలే.

విండోస్ 11 వేసేటప్పుడు మొదట్లోనే ‘నెట్‌వర్క్‌కు కలపండి’ అన్న తెర వద్ద నిలిచిపోయినవారికీ ఇదే మందు. హోమ్ సంచిక నెట్ లేనిదే ముందుకు కదలదు. దానిని దాటవేసే పాత చిట్కాలను మైక్రోసాఫ్ట్ ఒక్కొక్కటిగా మూసివేస్తోంది. ఆ తెర వద్దే ఫోన్ టెథరింగ్ ఇస్తే చాలావరకు ముందుకు సాగుతుంది. కొత్త సంచికల్లో ఆ తెర మీదే పెన్‌డ్రైవ్ నుంచి డ్రైవర్ వేసుకునే మీట కూడా ఇచ్చారు.

ఏ డ్రైవర్? ఎక్కడిది?

ల్యాప్‌టాప్ అడుగున ఉన్న స్టిక్కర్‌పై మోడల్, సీరియల్ నంబర్లు ఉంటాయి. డెల్ వారు దానినే సర్వీస్ ట్యాగ్ అంటారు. స్టిక్కర్ అరిగిపోతే యంత్రం ఆన్ అవుతుండగా బయోస్‌లోకి వెళ్లి చూడవచ్చు. తయారీ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో ఆ నంబరు ఇస్తే సరిపడే డ్రైవర్ల జాబితా వస్తుంది. అందులో వైర్‌లెస్ లేదా నెట్‌వర్క్ విభాగంలోనిది దించుకోవాలి. వేసింది 32 బిట్ విండోస్ 10 అయితే 64 బిట్ డ్రైవర్ ఎక్కదు. విండోస్ 11 ఎప్పుడూ 64 బిట్టే.

ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల వైఫై కార్డులు వాడే అలవాటు తయారీదారులకు ఉంది. జాబితాలో ఇంటెల్‌దీ రియల్‌టెక్‌దీ రెండూ కనిపిస్తే ఏది దించాలో తోచదు. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కంట్రోలర్ మీద రెండుసార్లు నొక్కి, ‘డీటెయిల్స్’లో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకుంటే అక్షరాలు, అంకెలు కలిసిన ఒక వరుస వస్తుంది. అందులో ‘వెన్’ అన్న మూడక్షరాల పక్కనున్న సంఖ్య కార్డు ఇంటి పేరు వంటిది. 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14సీ3 మీడియాటెక్, 168సీ క్వాల్కమ్ అథెరోస్, 14ఈ4 బ్రాడ్‌కామ్.

ఇంటర్నెట్‌లో వెతికితే అన్ని డ్రైవర్లనూ ఒక్క నొక్కుతో వేస్తామనే ప్రకటనలు ముందు వరుసలో కనిపిస్తాయి. వాటిలో కొన్ని డబ్బు గుంజుతాయి, కొన్ని అనవసర ప్రోగ్రాములను వెంట తెస్తాయి. తయారీ సంస్థ గుమ్మం దాటి బయటకు పోవలసిన అవసరం అరుదు.

టెథరింగ్ ఏ విధంగానూ కుదరకపోతే డ్రైవర్‌ను ఫోన్‌లోనే దించుకుని, కేబుల్‌తోనో ఓటీజీ పెన్‌డ్రైవ్‌తోనో ల్యాప్‌టాప్‌లోకి మార్చుకోవచ్చు.

ఫార్మాట్ చేయకుండా పాత విండోస్ మీదే కొత్తది వేసి ఉంటే దగ్గరి దారి ఉంది. సీ డ్రైవ్‌లో ‘విండోస్ డాట్ ఓల్డ్’ అన్న ఫోల్డర్ ఉందేమో చూడాలి. పాత విండోస్ మొత్తం అందులో పడి ఉంటుంది, డ్రైవర్లతో సహా. డివైస్ మేనేజర్‌లో ‘అప్‌డేట్ డ్రైవర్’ నొక్కి, కంప్యూటర్‌లోనే వెతకమని చెప్పి, ఆ ఫోల్డర్‌లోని విండోస్, సిస్టం32, డ్రైవర్‌స్టోర్ వరుసను చూపి, ఉప ఫోల్డర్లనూ కలుపుకొమ్మని టిక్కు పెడితే నెట్‌తో నిమిత్తం లేకుండానే పని పూర్తవుతుంది. ఈ ఫోల్డర్‌ను విండోస్ సాధారణంగా పది రోజుల తరువాత తానే తొలగిస్తుంది.

జాబితాలోనే లేకపోతే...

డివైస్ మేనేజర్‌లో కార్డు జాడే లేనప్పుడు మొదట చేయవలసింది యంత్రాన్ని సంపూర్ణంగా ఆపడం. షట్‌డౌన్ కొట్టినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది. తరువాత చార్జర్ తీసి, పవర్ మీటను ముప్పై సెకన్లు అదిమిపట్టి వదలాలి. లోపల నిలిచిన విద్యుత్తు పోతుంది. కోడ్ 10తో మొరాయించే కార్డులు కొన్ని దీనితోనే దారికి వస్తాయి. అప్పటికీ రాకపోతే బయోస్‌లో వైర్‌లెస్‌ను నిలిపివేసి ఉన్నారేమో చూడాలి.

విండోస్ వేయించడంతోపాటు హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెట్టించి ఉంటే అనుమానించవలసిన అంశం వేరు. చాలా యంత్రాల్లో వైఫై కార్డు ఎస్ఎస్‌డీకి దగ్గరలోనే చిన్న స్క్రూతో బిగించి ఉంటుంది. మూత విప్పినప్పుడు కార్డు కదలవచ్చు. అలాంటప్పుడు ఏ డ్రైవరూ పనిచేయదు, బిగించాలంతే. కార్డు కనిపిస్తూ సిగ్నల్ మాత్రం రూటర్ పక్కనే అందుతుంటే, దానికి తగిలించిన సన్నని యాంటెన్నా తీగలు ఊడి ఉంటాయి. విప్పడం అలవాటు లేనివారు, వారంటీ ఉన్నవారు ఈ పని దుకాణానికే వదలాలి.

కార్డు నిజంగానే పోయినా ఖరీదైన మార్పిడికి వెంటనే ఒప్పుకోనక్కరలేదు. కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ వైఫై డాంగిల్‌తో పని గడుస్తుంది. లోపలి కార్డే మార్చదలిస్తే ఇంటెల్ ఏఎక్స్201, ఏఎక్స్211 వంటివి తగిన ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న యంత్రాల్లో తప్ప పనిచేయవన్నది గుర్తుంచుకోవాలి. ఏఎండీ ల్యాప్‌టాప్‌లో పెడితే ఆ డబ్బు నీళ్లలో పోసినట్లే.

లినక్స్ వేసుకున్నవారికి ఇంటెల్ కార్డులతో పేచీ తక్కువ. బ్రాడ్‌కామ్ కార్డులే తరచూ ఇబ్బంది పెడతాయి. అక్కడా ఫోన్ టెథరింగ్‌తో నెట్ తెచ్చుకుని, ఉబుంటులోని ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిస్తే కావలసినది అదే చూపుతుంది.

విండోస్ వేయించడానికి ఇంకా ఇవ్వనివారు అంతకుముందే సీ డ్రైవ్ విండోస్ ఫోల్డర్‌లోని సిస్టం32, డ్రైవర్‌స్టోర్, ఫైల్ రిపాజిటరీ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసుకుంటే ఈ తంటా ఉండదు. దుకాణం నుంచి ల్యాప్‌టాప్ తీసుకునేటప్పుడు డబ్బు చెల్లించే ముందే డివైస్ మేనేజర్ తెరిపించి, పసుపు త్రికోణాలు ఎక్కడా లేవని చూసుకోవాలి. అక్కడే వైఫైకి కలిపి ఒక పేజీ తెరిపించాలి. వైఫైతోపాటు శబ్దం, కెమెరా కూడా.