ప్రతి పొక్కూ జబ్బు కాదు

కొందరు ఆడవాళ్లకు మర్మస్థానం దగ్గర సన్నటి పొక్కులు కనిపిస్తాయి. సుఖవ్యాధి వచ్చిందేమోనని భయపడతారు. భర్తను అనుమానిస్తారు. ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతారు.

అవి ఆవగింజంత ఉండి, లేత పసుపు రంగులో, నొప్పి లేకుండా ఉంటే చాలావరకు చర్మంలోని నూనె గ్రంథులే. ఈడు వచ్చాక పైకి కనిపిస్తాయి. కొందరికి పెదవుల మీదా ఉంటాయి. అది జబ్బు కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. మందు అక్కరలేదు. గిల్లకూడదు. సున్నం రాయకూడదు.

నొప్పి, చీము, పుండు, నీటి పొక్కులు ఉన్నా, పులిపిర్లలా పెరుగుతున్నా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా వైద్యం కావాలి. బందరులో, గుడివాడలో, దివిసీమ వాళ్లకు అవనిగడ్డలో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. సిగ్గుపడకుండా డాక్టరమ్మకు చూపించుకోవాలి. సుఖవ్యాధి అని తేలితే భర్త కూడా మందు వాడాలి. లేకపోతే జబ్బు మళ్లీ వస్తుంది.