డాక్టర్ గారూ, నా జబ్బు కంప్యూటర్‌లో ఎందుకు?

మా క్లినిక్‌లో ఓపీ చీటీలు పోయి కంప్యూటర్ వచ్చింది. అప్పటి నుంచి పేషెంట్లు నన్ను అడిగేవి ముఖ్యంగా మూడు ప్రశ్నలు. ఈరోజు వాటి గురించే మాట్లాడుకుందాం. ఇంట్లో అమ్మానాన్నలకి, తాతయ్యకి ఇవన్నీ విడమర్చి చెప్పాల్సింది మీరే కదా!

మొదటి ప్రశ్న: "ఆభా కార్డు ఉంటే ఆపరేషన్ ఫ్రీయా?" కాదండీ. ఆభా అంటే ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్. అదొక 14 అంకెల నంబర్. 2021 సెప్టెంబర్ 27న దేశమంతటా మొదలైన డిజిటల్ మిషన్‌లో భాగం. ఆరోగ్యశ్రీలాగా అది బిల్లు కట్టదు. వేర్వేరు ఆసుపత్రుల్లో ఉన్న మీ రిపోర్టుల్ని మీ పేరుతో కలుపుతుంది, అంతే.

రెండోది: "నా జబ్బు అందరికీ తెలిసిపోతుందా?" ఇది అసలైన భయం. టీబీకో, డిప్రెషన్‌కో మందులు వాడేవాళ్లు గొంతు తగ్గించి మరీ అడుగుతారు. నేనేం చెప్తానంటే: రిపోర్టులు ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రిలోనే ఉంటాయి. ఆభా ద్వారా వేరే డాక్టర్ చూడాలంటే మీరు ఒప్పుకోవాలి. ఏ రిపోర్టు, ఎప్పటివరకు అన్నది మీ ఇష్టం. ఇచ్చిన అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు కూడా. అయితే మా క్లినిక్ కంప్యూటర్‌లో ఉన్నది మా స్టాఫ్‌లో ఎవరెవరు చూస్తారో అడిగే హక్కు మీకుంది. మొహమాటపడకుండా అడగండి. ఓటీపీ చెప్పేముందు అది దేనికో కనుక్కోండి.

మూడోది: "వద్దంటే చూడరా?" ఎందుకు చూడం! ఆభా తప్పనిసరి కాదు.

మరి దీనివల్ల లాభమేంటి? అర్ధరాత్రి మీ నాన్నగారిని స్పృహ లేకుండా ఆసుపత్రికి తెచ్చారనుకోండి. పెన్సిలిన్ పడదని ఎవరు చెప్తారు? పాత చీటీ బీరువాలో ఉంటుంది.

కానీ కంప్యూటర్‌లో ఉన్నదంతా నిజమని కూడా అనుకోకూడదు. అందుకే నేను స్క్రీన్‌ని పేషెంట్ వైపు తిప్పి, వాడే మందులు, పడని మందులు పైకి చదువుతాను. ఒక అవ్వ అలా వింటూనే, "ఆ షుగరు బిళ్ల మానేసి రెండు నెల్లయింది నాయనా" అంది. కంప్యూటర్‌లో మాత్రం ఆవిడ ఇంకా వాడుతూనే ఉంది!

కాబట్టి ఈ రాత్రి ఒక్క పని చేయండి. ఇంట్లో ఎవరికి ఏ మందు పడదో అడిగి ఫోన్‌లో రాసుకోండి. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, "మా రికార్డు ఒకసారి చదివి వినిపించండి" అని అడగండి. ఉంటానండీ మరి!