మీకు తెలుసా? పదవి పోయిన చక్రవర్తి సమాధిలో కన్ఫ్యూషియస్

కన్ఫ్యూషియస్ సంభాషణల గ్రంథం 'లున్‌యు'లో ఇప్పుడు 20 అధ్యాయాలున్నాయి. హాన్ రాజుల కాలంలో 22 అధ్యాయాల పాఠం ఒకటి ఉండేది. చీ ప్రాంతపు పాఠమని దానికి పేరు. తర్వాతి శతాబ్దాల్లో అది కనుమరుగైంది.

చైనాలోని జియాంగ్షీ రాష్ట్రంలో, నాన్‌చాంగ్ దగ్గర లియూ హె సమాధి 2011లో బయటపడింది. క్రీ.పూ. 74లో ఈయన 27 రోజులే హాన్ చక్రవర్తి. ఆ కొద్ది రోజుల్లోనే 1,127 తప్పులు చేశాడని అభియోగం మోపి దించేశారు. రోజుకు నలభైకి పైనే! లెక్క రాసింది దించినవాళ్లే కాబట్టి కాస్త అనుమానించక తప్పదు.

సమాధిలో సుమారు 5,000 వెదురు బద్దల రాతలు దొరికాయి. నీళ్లలో నాని, నల్లబడిన అక్షరాలను పరారుణ కాంతిలో చదువుతున్నారు. వాటిలో ఒక బద్ద వెనుక 'జి దావొ' అన్న శీర్షిక కనిపించింది. చీ పాఠంలో అదనంగా ఉండేవని పాత గ్రంథ పట్టికలు చెప్పే రెండు అధ్యాయాల్లో ఒకదాని పేరు సరిగ్గా ఇదే. అయితే దొరికింది మొత్తం చీ పాఠమేనా, దానికి దగ్గరి మరో ప్రతా అన్నదానిపై పండితుల మధ్య వాదం నడుస్తూనే ఉంది.

కన్ఫ్యూషియస్ బొమ్మ, జీవిత కథ ఉన్న అద్దపు చట్రం కూడా అక్కడే దొరికింది. ఇప్పటివరకు తెలిసిన ఆయన చిత్రాల్లో అత్యంత పాతవాటిలో అదొకటి.